డ్రామా క్లాసు, లంచం ఐస్‌క్రీమ్, క్లాసయ్యాక తీపి పేచీ

ఇద్దరి అమ్మ:
అందరికీ నమస్కారం. నా గోల రెండు ముక్కల్లో చెప్తాను.

మా పెద్దదానికి ఆరేళ్ళు. ఇంట్లో రోజంతా నాటకమే. దుప్పటి కప్పుకుంటే రాణి, తీసేస్తే సింహం, తమ్ముడు మాత్రం ఎప్పుడూ గుర్రమే. ఇంత సరదా ఉంది కదా అని డ్రామా క్లాసులో చేర్పించాం. అక్కడికెళ్ళాక గోడకి ఆనుకుని కూర్చుంటుంది, నోరు విప్పదు. టీచరు పిలిస్తే తల అడ్డంగా ఊపుతుంది. తీరా ఇంటికొచ్చాక క్లాసులో మిగతా పిల్లలు చేసినవన్నీ ఒక్కటి వదలకుండా చేసి చూపిస్తుంది! మా ఆయన "లేచి ఆడితే ఐస్‌క్రీమ్" అని బేరం పెట్టాడు. లేవలేదు సరికదా, ఇప్పుడు బొమ్మలు సర్దమన్నా "ఏమిస్తావ్?" అంటోంది.

రెండోది, క్లాసు అయ్యేసరికి భోజనాల వేళవుతుంది. ఇద్దరికీ నకనకలాడే ఆకలి. అయినా కంచం ముట్టరు, తీపి కావాలని పేచీ. చిన్నోడికి రెండున్నర. ఇంట్లో చేసుకునేది, పిల్లలు కూడా చెయ్యి వేసేది, గంటలు పట్టనిది ఏదైనా ఉంటే చెప్పండి. అసలు క్లాసు మాన్పించెయ్యాలా అన్న సందేహం కూడా ఉంది.

నిద్రలేని నాన్న:
మీ ఆయన తరఫున వకాల్తా పుచ్చుకునేది నేనొక్కణ్ణే అవుతానేమో. అది లంచం ఎందుకవుతుందండీ, కాస్త ఊతం అంతే. మా వాడు నీళ్ళంటే ఆమడ దూరం పారిపోయేవాడు. చాక్లెట్ చూపించే ఈత కొలనులో దింపాను. ఇప్పుడు బయటికి రారా అని బతిమాలుకోవాల్సి వస్తోంది. మొదటి అడుగు వేయించడానికి తీపి పనికొస్తే తప్పేముంది?

సూటిమాట:
తప్పేమీ లేదు, జీవితాంతం జేబులో చాక్లెట్లు పెట్టుకు తిరిగే ఓపిక మీకుంటే.

ఇద్దరి అమ్మ గారూ, స్టేజి సంగతి తర్వాత. ముందు ఆ "ఏమిస్తావ్?" సంగతి చూడండి. మీ ఆయన పెట్టిన బేరం పాపకి బాగా ఒంటబట్టింది.

తెరవెనుక:
చిన్నపిల్లలకి నాటకం నేర్పడమే నా పని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

గోడకి ఆనుకుని కూర్చునే పిల్ల ప్రతి బ్యాచ్‌లోనూ ఒకతి ఉంటుంది. ఊరికే కూర్చుంది అనుకుంటాం కానీ కళ్ళతో అంతా లాగేసుకుంటూ ఉంటుంది. ఇంటికెళ్ళి మొత్తం చేసి చూపిస్తోందంటే క్లాసు పని చేస్తున్నట్టే. కంగారు పడాల్సింది వేరే చోట. ఇంట్లో కూడా ఆడటం మానేసిందా? క్లాసు రోజు పొద్దుట్నుంచీ కడుపునొప్పి అంటోందా? బడిలో కూడా నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడట్లేదా? ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలాంటి చోట్ల నెలకి మించి అసలు నోరు విప్పని పిల్లలుంటారు. అది మొండితనం కాదు, ఒక రకమైన ఆందోళన. అలాంటప్పుడు పిల్లల మానసిక నిపుణులకి చూపించాలి, డ్రామా టీచరు మీద వదిలెయ్యకూడదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ పాప అలా అనిపించట్లేదు.

ఇక మీరు కనుక్కోవాల్సింది, ఆ క్లాసులో అసలేం చేయిస్తున్నారని. ఆరేళ్ళ పిల్లల చేత చేరిన రోజు నుంచే డైలాగులు బట్టీ పట్టించి ప్రదర్శనకి తోముతుంటే మీ పాప గోడ దగ్గరే కూర్చుంటుంది, అందులో వింతేమీ లేదు. ఈ వయసుకి ఆటలే పాఠం. అమెరికాలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ, ఉపన్యాసాలు లేకుండా ఆటలతోనే నటన నేర్పే పద్ధతి తయారుచేశారు. 1939 నుంచి 1941 దాకా ఆవిడ అక్కడ ప్రభుత్వ వినోద కార్యక్రమంలో డ్రామా చూసుకునేవారు. ఇవాళ ప్రపంచంలో ఏ పిల్లల డ్రామా క్లాసుకి వెళ్ళినా ఆ ఆటలే రకరకాల పేర్లతో కనిపిస్తాయి.

లేని బంతి ఆట చెప్తాను. అందరూ గుండ్రంగా నిలబడతారు. చేతిలో బంతి ఉన్నట్టు నటిస్తూ ఒకరికొకరు విసురుకుంటారు. మధ్యలో నేను "బంతి బరువెక్కింది" అంటాను, "సబ్బు నురగైంది" అంటాను, "కాలిపోతోంది" అంటాను. పోయిన బ్యాచ్‌లో ఓ పిల్లాడు వరసగా క్లాసులన్నీ బెంచీ కిందే గడిపాడు. ఓసారి కాలే బంతి వాడి పక్కకి దొర్లింది, అంటే అక్కడ పడిందని మేమంతా నమ్మాం. వాడు బెంచీ కిందనుంచి చెయ్యి చాచి, అరచేతిలోకి తీసుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ ఈ చేతికీ ఆ చేతికీ మార్చి, నా మీదకి విసిరేశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆ రోజు క్లాసులో అంతకన్నా బాగా ఎవరూ నటించలేదు. ఈ ఆటలో ప్రేక్షకులు ఉండరు, అందరూ ఆడేవాళ్ళే. మీ పాప లాంటి పిల్లలు ముందుకి రావడానికి సందు అక్కడే దొరుకుతుంది.

ఇంకో సంగతి. తల్లిదండ్రులు కిటికీలోంచి చూస్తుంటే పిల్లకి ప్రేక్షకులు అక్కడే తయారవుతారు. వీలైతే అక్కణ్ణుంచి తప్పుకోండి.

ఇద్దరి అమ్మ:
కడుపునొప్పీ అదీ ఏమీ లేదండీ, క్లాసు రోజు చెప్పులు వేసుకుని ముందే గుమ్మంలో నిలబడుతుంది. బడిలో బాగానే మాట్లాడుతుందని టీచరు చెప్పింది. ఇక్కడ మాత్రం చేరిన మర్నాటి నుంచే అందరికీ తలా ఓ నాలుగు వాక్యాలు ఇచ్చారు. ఆటలు మొదట పది నిమిషాలు, మిగతాదంతా రిహార్సలే.

మనవళ్ళ అమ్మమ్మ:
అమ్మాయ్, నేనో మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇంటికి ఎవరైనా రాగానే "ఏదీ, ఆ సింహం చేసి చూపించు" అని పిల్లని నిలబెడుతున్నారా? నా పెద్ద మనవరాలు అలాగే బిగుసుకుపోయింది. దాని ఆట దానిది. మనం అడిగిన మరుక్షణం అది మన ఆట అయిపోతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఒకటే నియమం, వాళ్ళంతట వాళ్ళు పిలిస్తే పోయి కూర్చుంటాం, చప్పట్లు కొడతాం. మధ్యలో ఫోన్ తీసి వీడియో తీయడం కూడా నిషేధం. మా అల్లుడికి ఇది కాస్త కష్టంగానే ఉంది.

కవలల తల్లి:
అమ్మమ్మ గారూ, ఆ వీడియో నిషేధం మా ఇంట్లోనూ అమలు చెయ్యాలి. నా తలనొప్పి ఇంకోటి. ఇద్దరూ ఒకే క్లాసు, అమ్మాయి అందరి డైలాగులూ తనే చెప్పేస్తుంది, అబ్బాయి "అది చెప్పేసింది కదా" అని ఊరుకుంటాడు. విడదీయాలా?

తెరవెనుక:
బ్యాచ్‌లు రెండుంటే విడదీసి చూడండి. ఒకే బ్యాచ్ అయితే జంటలుగా ఆడే ఆటల్లో ఇద్దరినీ ఒకే జంటలో వెయ్యొద్దని టీచరుకి చెప్పండి. అబ్బాయికి మాటల్లేని ఆటలు బాగుంటాయి. అద్దం ఆట ఉంది కదా, ఎదురెదురుగా నిలబడి ఒకరు చేసింది ఇంకొకరు అదే క్షణంలో చెయ్యడం. అందులో నోటి దూకుడుకి పని లేదు, చూపుకే పని.

పేజీలు తిప్పే మనిషి:
లంచం గొడవ మీద కాస్త పుస్తకాల మాట. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వెయ్యడమంటే ముందే ఇష్టం ఉన్న చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే బహుమతి" అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తర్వాత మామూలు ఆటవేళ చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు బొమ్మలు వేస్తూ గడిపిన సమయం మిగతావాళ్ళలో సగమే.

దీనికి తోడు 1980లో లియాన్ బిర్చ్ బృందం చిన్నపిల్లల మీద చేసిన పరిశోధన ఉంది. ఏ తినుబండారాన్ని బహుమతిగా ఇస్తారో దాని మీద పిల్లలకి ఇష్టం పెరిగింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే "ఆడితే ఐస్‌క్రీమ్" అన్న బేరంలో ఆట మీద ఇష్టం తగ్గుతుంది, ఐస్‌క్రీమ్ మీద పెరుగుతుంది. రెండు వైపులా మనకే నష్టం.

నిద్రలేని నాన్న:
ఆగండాగండి, మీరు రాసిందే మళ్ళీ చదవండి. "ముందే ఇష్టం ఉన్న పిల్లలు" అన్నారు. మా వాడికి నీళ్ళంటే ఇష్టమే లేదు, ఇంక తగ్గడానికేముంది? పైగా చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి ఏమీ కాలేదని మీరే అంటున్నారు. అంటే నేను బొత్తిగా తప్పు మాట్లాడలేదు కదా!

పేజీలు తిప్పే మనిషి:
మీ వాదన న్యాయంగానే ఉంది. బొత్తిగా ఇష్టం లేని పనికి మొదటి తోపుగా బహుమతి పనికిరావచ్చు. కానీ ఈ పాపకి నాటకమంటే ప్రాణం, ఇల్లంతా అదే చేస్తోంది. ఉన్న ఇష్టానికి వెల కట్టడమే ప్రమాదం. ఇక క్లాసయ్యాక అందరూ కలిసి ఓ తీపి తినడం, అది పాప ఆడినా ఆడకపోయినా ఉంటే, అందులో ఏ చిక్కూ లేదు.

సూటిమాట:
అదీ మాట. తీపి వారంలో ఫలానా రోజు ఉంటుంది, నాటకం ఫలానా రోజు ఉంటుంది. ఒకే రోజు వచ్చినా దానికీ దీనికీ చుట్టరికం కలపొద్దు. "ఈ రోజు ఏమైనా చేశావా?" అని కారెక్కగానే అడగడం కూడా బేరంలో భాగమే. ఆ ప్రశ్న మానేసి చూడండి.

గరిటె:
హమ్మయ్య, ఇప్పుడు నా వంతు.

ముందు ఆకలి సంగతి తేల్చండి. క్లాసుకి బయల్దేరే ముందు ఓ అరటిపండో, ఉడికించిన గుడ్డో, రొట్టె ముక్కో కడుపులో పడాలి. ఆకలి మీదున్న పిల్లకి తీపి కనిపిస్తే ఇంకేదీ కనిపించదు, పెద్దవాళ్ళకీ అంతే. రెండోది, తీపిని భోజనం చివర బహుమతిలా పెట్టకుండా భోజనంతో పాటే చిన్న గిన్నెలో పెట్టేయండి. పిల్లల తిండి మీద చాలాకాలం పనిచేసిన ఎల్లిన్ శాటర్ చెప్పే పద్ధతి ఇది. తలా ఒక వంతు, రెండోసారి ఉండదు, ముందు తిన్నా వెనక తిన్నా వాళ్ళిష్టం. మా ఇంట్లో మొదట్లో గిన్నె ముందు ఖాళీ అయ్యేది, కంచం తర్వాత. కొన్నాళ్ళకి సగం తిని వదిలేసి కూర వైపు తిరిగేవాళ్ళు. "కూర తింటేనే తీపి" అన్నన్నాళ్ళూ అలా ఎప్పుడూ జరగలేదు.

ఇక వంటలు.

బాగా ముగ్గిన అరటిపండ్లు, తొక్క మీద మచ్చలు పడ్డవి, బిళ్ళలుగా కోసి పళ్ళెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. మెత్తటి పండు కాబట్టి పిల్లలు చాకు అవసరం లేకుండా చెంచా అంచుతోనే కోసేస్తారు. క్లాసు నుంచి వచ్చాక మిక్సీలో వెయ్యండి. మొదట ఇసుకలా పొడిపొడిగా అవుతుంది, ఇక్కడే అందరూ పాలు పోసేసి పాడుచేస్తారు. పొయ్యొద్దు. ఆపి, అంచులు గీకి, మళ్ళీ తిప్పండి. ఉన్నట్టుండి ముద్దగా కలిసి ఐస్‌క్రీమ్‌లా మెరుస్తుంది. పంచదార అక్కర్లేదు. కొంచెం కోకో పొడి వేస్తే చాక్లెట్ ఐస్‌క్రీమ్ అని మీ ఆయన కూడా నమ్మేస్తాడు.

కస్టర్డ్ అయితే అరలీటరు పాలకి రెండు మూడు పెద్ద చెంచాల కస్టర్డ్ పొడి. పొడిని చల్లటి పాలలోనే కలపాలి, వేడిపాలలో వేస్తే పైపొర ఉడికి లోపల పొడి అలాగే ఉండి ఉండలు కడుతుంది. ఆ కలిపే పని మీ పెద్దదానికి ఇవ్వండి. పొయ్యి పని మీది. బుడగలు వచ్చి చిక్కబడ్డాక కూడా ఓ నిమిషం కలుపుతూ ఉడికించండి, పచ్చివాసన పోవాలి. గుడ్డు పచ్చసొన కూడా వేస్తే ఆ ఒక్క నిమిషం మరీ ముఖ్యం, సొనలో ఆ కస్టర్డ్ పొడిలోని పిండిని కరిగించే ఎంజైమ్ ఉంటుంది. సరిగ్గా ఉడక్కపోతే ఫ్రిజ్‌లో పెట్టాక గట్టి కస్టర్డ్ కాస్తా నీళ్ళవుతుంది. పిండి లేకుండా ఉత్త గుడ్డుతో చేసేదానికి మాత్రం ఇది వర్తించదు, అది మరిగితే విరిగి ముక్కలవుతుంది.

నిద్రలేని నాన్న:
వంట బాగుంది కానీ సాయంత్రం తీపి పెడితే రాత్రి పిల్లలు గోడలెక్కరూ? మా వాడికి కేకు ముక్క పడితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తాడు. నా పేరు చూశారుగా.

పేజీలు తిప్పే మనిషి:
మీరు నన్ను ఊరుకోనివ్వరు. పంచదార వల్ల పిల్లల ప్రవర్తన మారుతుందా అని జరిగిన పరిశోధనలన్నీ 1995లో ఒకచోట చేర్చి చూస్తే, మారుతుందన్న ఆధారం దొరకలేదు. అంతకన్నా తమాషా 1994 నాటిది. హూవర్, మిలిచ్ అనే ఇద్దరు అయిదు నుంచి ఏడేళ్ళ మగపిల్లల్నీ, వాళ్ళ తల్లుల్నీ పిలిచారు. పిల్లలందరికీ ఇచ్చింది పంచదార లేని పానీయమే. సగంమంది తల్లులకి మాత్రం "మీవాడికి పంచదార బాగా ఇచ్చాం" అని చెప్పారు. వాళ్ళు తమ పిల్లలు మరీ అల్లరి చేస్తున్నారని రాశారు. పైగా వాళ్ళని ఎక్కువ విమర్శించారు కూడా.

కేకు దొరికే చోట పదిమంది పిల్లలూ, బెలూన్లూ, పాటలూ ఉంటాయి కదా. గోడలెక్కించేది అవేనేమో చూడండి.

నిద్రలేని నాన్న:
మా ఆవిడ ఇది చదివి నవ్వుతోంది. ఆవిడ ఎప్పట్నుంచో చెప్తున్నదే ఇది.

వార్డు నర్సు:
గోడలెక్కరు సరే, పళ్ళ సంగతి మర్చిపోవద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకి విడిగా కలిపిన పంచదార అసలు వద్దనీ, ఆ పైన రోజుకి 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు, మించకూడదనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. బిస్కెట్లలో, సీసా రసాల్లో ఉన్నదీ ఇందులోకే వస్తుంది. కాబట్టి గరిటె గారి అరటిపండు పద్ధతికి నా ఓటు.

నేను అసలు వచ్చింది చిన్నోడి గురించి చెప్పడానికి. రెండున్నరేళ్ళ పిల్లాడు పక్కనుంటే తీపి మీద ఏం అలంకరిస్తున్నారో జాగ్రత్త. ద్రాక్ష నిలువునా నాలుగు చీలికలు చెయ్యండి, అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ఆ గుండ్రటి ముక్క గొంతుకి సరిగ్గా బిగుసుకునే ప్రమాదం ఉంటుంది. బాదం, జీడిపప్పు పొడి చేసి చల్లండి, పలుకులు వద్దు. పాప్‌కార్న్, గట్టి మిఠాయిలు, మార్ష్‌మెల్లోలు ఈ వయసుకి పనికిరావు. వెనక సీట్లో కదులుతూ తినిపించొద్దు, ఉక్కిరిబిక్కిరైతే ముందు కూర్చున్నవాళ్ళకి తెలియదు. ఇంట్లో ఏడాది లోపు పసివాళ్ళుంటే తేనె చుక్క కూడా తగలనివ్వొద్దు, అందులోని బాక్టీరియా బీజాలు వాళ్ళ పేగుల్లో విషం తయారుచేయగలవు. కేకు పిండి గిన్నె నాకనిచ్చే ముద్దు కూడా మానుకోండి. గుడ్డు ఒకటే కాదు, పచ్చి గోధుమపిండి కూడా శుభ్రమైంది కాదు.

కవలల తల్లి:
గిన్నె నాకొద్దా! మా ఇంట్లో తిరుగుబాటు ఖాయం.

గరిటె:
గుడ్డూ పిండీ లేనిది చెయ్యండి, గిన్నె వాళ్ళకే వదిలెయ్యండి. అరటిపండు మిక్సీ జాడీ నాకినా ఏం కాదు, బ్లేడు తీసేశాక.

ఓ సరదా ప్రయోగం కూడా చెప్తాను, వర్షం పడి క్లాసు లేని రోజు పనికొస్తుంది. చిన్న జిప్ సంచీలో కప్పు పాలు, కొంచెం మీగడ, రెండు చెంచాల పంచదార పోసి గాలి తీసి మూసేయండి. పెద్ద సంచీలో ఐసు ముక్కలు నిండా, గుప్పెడు రాళ్ళుప్పు వేసి, చిన్న సంచీని అందులో పెట్టి తువ్వాలు చుట్టి పిల్లల చేతికివ్వండి. వంతులవారీగా ఊపుతారు. పది నిమిషాల్లోపు ఐస్‌క్రీమ్ తయారు. ఉప్పు వల్ల ఐసు సున్నా డిగ్రీల కన్నా చాలా కిందికి చల్లబడుతుంది, అందుకే పాలు గడ్డకడతాయి, అందుకే తువ్వాలు లేకుండా పట్టుకోనివ్వకూడదు. తెరిచే ముందు చిన్న సంచీని నీళ్ళ కింద కడగండి, లేకపోతే మొదటి చెంచా ఉప్పగా తగులుతుంది.

నిర్వాహకులు:
ఆన్‌లైన్ నటన శిక్షణ ప్రకటన ఒకటి తొలగించాం. చర్చ కొనసాగించండి.

ఇద్దరి అమ్మ:
కొత్త కబుర్లు. "ఏం చేశావ్?" అని అడగడం మానేశాం. మా ఆయనకి నాలుక చివరి దాకా వచ్చి ఆగుతోంది, పాపం. అరటిపండు ఐస్‌క్రీమ్ క్లాసు రోజు రాత్రికి ఖాయమైంది, ఆడినా ఆడకపోయినా. "ఏమిస్తావ్?" పూర్తిగా పోలేదు కానీ జోరు తగ్గింది.

తెరవెనుక గారు చెప్పినట్టు టీచరుతో మాట్లాడాను. ఆటలు పెంచడం కుదరదు, ప్రదర్శన దగ్గర పడింది అంది. అయితే నాలుగు వాక్యాలూ తీసేసి ఏదైనా పక్క పని ఇవ్వగలరా అని అడిగితే ఒప్పుకుంది. కథలో వాన పడే ఘట్టం ఉంది. వాన చప్పుడు మా అమ్మాయికి ఇచ్చారు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదట, తనే కనిపెట్టింది. మొదట అరచేతులు రుద్దడం, తర్వాత రెండు వేళ్ళతో అరచేతి మీద కొట్టడం, తర్వాత తొడల మీద దబదబా, ఉరుముకి రెండు కాళ్ళతో చెక్క మీద దూకడం. ఇప్పుడు మిగతా పిల్లల్ని కూడా కూర్చోబెట్టి "నువ్వు చినుకు, నువ్వు జల్లు" అని పంచుతోందట. తమ్ముడికి గుర్రం నుంచి ఉరుముకి పదోన్నతి వచ్చింది.

తెరవెనుక:
పక్క పని అనకండి, నాటకంలో సగం అదే! ప్రదర్శన రోజు వాన ఘట్టం రాగానే సైగ ఎవరివ్వాలో ముందే తేల్చమనండి. ఆరేళ్ళ పిల్ల చీకట్లో తనంతట తాను గుర్తుపెట్టుకోవాలంటే కష్టం.

మనవళ్ళ అమ్మమ్మ:
బాగుందమ్మా. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం "వాన పడించు" అనొద్దు, సుమా.

కవలల తల్లి:
మా అబ్బాయి అద్దం ఆటలో మెరిసిపోతున్నాడు. ఇప్పుడు వాడికి అయిదు వాక్యాలిచ్చారు, ఇంట్లో ఎంత చెప్పించినా మూడో దాని దగ్గర ఆగిపోతాడు. అమ్మాయి వెనకనుంచి అందిస్తుంది, వాడు అలుగుతాడు.

తెరవెనుక:
వాడి వాక్యాలు మాత్రమే వరసగా చెప్పిస్తున్నారు కదూ? అందరు తల్లులూ అదే చేస్తారు. స్టేజి మీద అవి వరసగా రావు. పక్కవాడు ఏమన్నాక తను మాట్లాడాలో అది ముఖ్యం. కాబట్టి మూడో వాక్యానికి ముందు ఎదుటి పాత్ర చెప్పే చివరి రెండు మాటలు మీరు చెప్పండి, వాణ్ణి అందుకోమనండి. మీరు చెప్పేటప్పుడు రాగాలు తియ్యకుండా చప్పగా చదవండి. మీరు నటిస్తే వాడు మిమ్మల్ని అనుకరిస్తాడు, క్లాసులో మళ్ళీ అది విడిపించడం మా పని అవుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి కాదు, ఆ వాక్యం దగ్గర స్టేజి మీద ఏం చేస్తాడో అదే చేయిస్తూ చెప్పించండి. తలుపు తట్టాలంటే గోడ తట్టిస్తూ. చెయ్యి కదిలితే మాట వెంట వస్తుంది.

అమ్మాయి అందించకుండా ఉండాలంటే ఆ ఎదుటి పాత్ర తనకే ఇవ్వండి. పనిలేకపోతేనే అందిస్తుంది.

కొత్త తండ్రి:
చాలా రోజులుగా చదువుతున్నాను, ఇదే మొదటిసారి రాయడం. మా పాపకి అయిదేళ్ళు, డ్రామాలో వేద్దామనుకుంటున్నాం. దీనివల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా, లేక సంగీతం మేలా? తెలివితేటలు పెరుగుతాయంటారు కదా సంగీతం వల్ల.

పేజీలు తిప్పే మనిషి:
షెలెన్‌బర్గ్ అనే ఆయన 2004లో సరిగ్గా ఇదే చూశారు. ఆరేళ్ళ పిల్లల్లో కొందరికి ఏడాది పాటు సంగీతం, కొందరికి డ్రామా నేర్పించారు, కొందరికి ఏమీ నేర్పించలేదు. సంగీతం పిల్లల ఐక్యూ మార్కులు మిగతావాళ్ళ కన్నా స్వల్పంగా ఎక్కువ పెరిగాయి. నలుగురితో మెలిగే తీరులో మెరుగు కనిపించింది మాత్రం డ్రామా పిల్లల్లోనే. కానీ ఐక్యూ కోసం అయిదేళ్ళ పిల్లకి క్లాసు ఎంచకండి. పాప దేనికి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడుతుందో అది చాలు.

సూటిమాట:
చేర్చే ముందు ఒక క్లాసు చూడనిస్తారా అని అడగండి. పెద్దవాళ్ళు కనీసం ఇద్దరుండాలి, తలుపు గడియ వెయ్యకూడదు, పిల్లని మీరు చెప్పిన మనిషికే అప్పగించాలి. ఫోటోలు ఎక్కడ పెడతారో ముందే తేల్చుకోండి. వీటికి చిరాకు పడే చోటైతే పక్క వీధి చూసుకోండి.

వార్డు నర్సు:
వేషం బట్టలు కూడా ఒకసారి ఇంట్లో వేసి చూడండి. మెడ దగ్గర గుచ్చుకునే చీటీ ఒక్కటి చాలు, స్టేజి మీద పిల్ల ఏడవడానికి. అందరూ భయం అనుకుంటారు. మెడకి కట్టే తాడు బదులు లాగితే ఊడొచ్చే అంటుపట్టీ కుట్టించండి. ఆటలో ఎవరైనా వెనకనుంచి లాగినా ప్రమాదం ఉండదు.

నిద్రలేని నాన్న:
గరిటె గారూ, అత్యవసరం. మా వాడి తరగతి పిల్లలు రేపు వస్తున్నారు. జెలటిన్ పొడితో జెల్లీ చేసి పైన పైనాపిల్ ముక్కలు వేశాం. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా నీళ్ళలాగే ఉంది. పొడి పాతదంటారా?

గరిటె:
పొడి తప్పేం లేదు. పచ్చి పైనాపిల్‌లో మాంసకృత్తుల్ని తెగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, జెలటిన్ మాంసకృత్తే కదా, అందుకే గట్టిపడనివ్వదు. పచ్చి కివీ, బొప్పాయి వేసినా ఇంతే. ఈ గిన్నె ఇక నిలబడదు, గ్లాసుల్లో పోసి పానీయంలా ఇచ్చేయండి. మళ్ళీ చేసేటప్పుడు ముక్కల్ని కొన్ని నిమిషాలు ఉడికించి చల్లార్చి వెయ్యండి, లేదా డబ్బాలో వచ్చేవి వాడండి, అవి ముందే వేడికి గురైనవే. అగర్ అగర్‌తో చేస్తే పచ్చివే వేసుకోవచ్చు, అది సముద్రపు నాచు నుంచి వచ్చేది, ఆ ఎంజైమ్‌కి లొంగదు. పైగా గది వేడికి కరగదు కూడా, పిల్లలు బల్ల మీద వదిలేసి ఆడుకున్నా నిలబడే ఉంటుంది.

నిద్రలేని నాన్న:
అగర్ అగర్ తెచ్చాను. ప్యాకెట్ మీద మరిగించమని ఉంది, ఎంతసేపు?

గరిటె:
చల్లటి నీళ్ళలో కలిపి, మరిగాక రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉంచండి, పొడి కళ్ళకి కనపడకుండా పోవాలి. గోరువెచ్చబడేలోపే గిన్నెల్లో పోసేయండి, చల్లారుతుండగానే బిగుసుకుంటుంది.